టెన్నిస్ రాకెట్‌కు సొంతంగా స్ట్రింగ్ వేసుకోవడం: రంధ్రాల లెక్క నుంచి ఆఖరి ముడి దాకా

"మెషీన్ కొన్నాను, వీడియోలు చూశాను, అయినా సగంలో ఇరుక్కుపోయాను. సరిగ్గా ఎలా చేయాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు ఇరుక్కునేది దాదాపు ఎప్పుడూ ఒకేచోట. మెయిన్స్ పూర్తయ్యేసరికి స్ట్రింగ్ కొస తప్పు చివర తేలుతుంది, లేదంటే పొట్టి వైపు రెండు మూరలు తక్కువ పడుతుంది. మొదటి స్ట్రింగ్ లాగకముందే లెక్క చూసుకుంటే ఈ రెండూ రావు. అందుకే ఇక్కడ తయారీ గురించే ఎక్కువ రాశాను.

ముందు నాలుగు మాటలు. నిలువుగా వెళ్లేవి మెయిన్స్, అడ్డంగా అల్లేవి క్రాసెస్. మగ్గం తెలిసినవాళ్లకు పడుగు, పేక అంటే చాలు. రాకెట్ పై అంచును తల అని, పిడి దగ్గర రెండు కాళ్ల మధ్య వంతెనలా ఉండే భాగాన్ని గొంతు అని రాస్తున్నాను. గట్టింగ్ అన్నా స్ట్రింగింగ్ అన్నా ఇదే పని.

## 1. బల్ల మీద ఏమేం ఉండాలి

మెషీన్లు మూడు రకాలు.

డ్రాప్ వెయిట్: కడ్డీకి తగిలించిన బరువు కిందికి దిగుతూ స్ట్రింగ్‌ను లాగుతుంది. పని నెమ్మదిగా సాగుతుంది కానీ కరెంటు అక్కర్లేదు, పాడయ్యే భాగాలూ తక్కువే. ఇంట్లో తన రాకెట్లు మాత్రమే చేసుకునేవాళ్లకు ఇది చాలని నా అభిప్రాయం.

క్రాంక్: చేత్తో తిప్పుతుంటే నిర్ణయించిన టెన్షన్ (పౌండ్లలో కొలిచే స్ట్రింగ్ బిగువు) దగ్గర టక్కున లాక్ అవుతుంది. వేగంగా సాగుతుంది. అయితే లాక్ పడ్డాక స్ట్రింగ్ సాగితే, ఆ సడలింపును మెషీన్ తిరిగి లాగదు.

ఎలక్ట్రానిక్: స్ట్రింగ్ సాగినకొద్దీ లాగుతూనే ఉంటుంది. డ్రాప్ వెయిట్ కూడా ఈ విషయంలో ఇలాంటిదే.

ఈ తేడా వల్లే క్రాంక్ మీద 52 పౌండ్లకు వేసిన రాకెట్, ఎలక్ట్రానిక్ మీద 52కు వేసినదానికన్నా మెత్తగా ఉంటుంది. మెషీన్ మారితే పాత అంకెను అలాగే పట్టుకోకండి. క్రాంక్ మీద అదే పట్టు రావాలంటే రెండు నుంచి ఐదు పౌండ్లు ఎక్కువ పెట్టాల్సి రావచ్చు.

లాగిన స్ట్రింగ్ సడలకుండా పట్టి ఉంచేవి క్లాంపులు. ఇవి రెండు రకాలు. మెషీన్ పీఠానికి అమర్చి ఉండేవి ఫిక్స్‌డ్ క్లాంపులు. పక్క స్ట్రింగ్‌ను ఆధారంగా పట్టుకుని వేలాడేవి ఫ్లయింగ్ క్లాంపులు. ఫ్లయింగ్ క్లాంపులు లాగినప్పుడు కొంచెం వాలిపోతాయి, ఆ మేరకు టెన్షన్ పోతుంది. వాటితోనూ మంచి పని చేయొచ్చు. కానీ మెషీన్ కొనేముందు డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే, టెన్షనర్ (స్ట్రింగ్‌ను లాగే భాగం) సంగతి తర్వాత, ముందు క్లాంపుల మీదే పెట్టమంటాను.

చిన్న పనిముట్లు:

- స్టార్టింగ్ క్లాంప్. గట్టి స్ప్రింగ్ ఉన్న చేతి క్లాంప్ ఇది. మీ దగ్గర ఇది లేకపోతే ముందు ఇది కొనండి
- చెప్పులు కుట్టే ఆరె లాంటి సన్నని పనిముట్టు, మొన మొద్దుగా నున్నగా ఉన్నది
- సన్నమూతి నోస్ ప్లయర్
- అంచు దగ్గరగా కోసే కటింగ్ ప్లయర్
- కొలిచే టేపు
- టెన్షన్ సరిచూడటానికి కొక్కెం ఉన్న డిజిటల్ త్రాసు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్
- కళ్లద్దాలు. లాగి ఉన్న స్ట్రింగ్ తెగితే మొహం మీదికే వస్తుంది

ఆరె మొన పదునుగా ఉంటే అరగదీసి గుండ్రం చేయండి. పక్కనున్న స్ట్రింగ్‌ను అది ఒక్కసారి గీరినా చాలు, వారం తర్వాత సరిగ్గా అక్కడే తెగుతుంది.

## 2. ఏ స్ట్రింగ్, ఎంత మందం, ఎంత టెన్షన్

నేర్చుకునే మొదటి నాలుగైదు రాకెట్లకు మామూలు నైలాన్ స్ట్రింగ్ వాడండి. సింథటిక్ గట్ పేరుతో దొరికేది ఇదే. మెత్తగా వంగుతుంది, ముడి బాగా కూర్చుంటుంది, తప్పుచేసి మళ్లీ లాగినా ఓర్చుకుంటుంది. పాలిస్టర్ తీగలా బిరుసుగా ఉండి చుట్టలు చుట్టుకుంటుంది. నేచురల్ గట్ (పశువుల పేగుతో చేసే స్ట్రింగ్) మడతపడితే అక్కడే పాడవుతుంది. మొదటి ప్రయోగానికి ఆ రెండూ వద్దు.

మందాన్ని గేజ్ అంటారు. అంకె పెరిగితే స్ట్రింగ్ సన్నబడుతుంది. 16 గేజ్ దాదాపు 1.30 మి.మీ., 17 గేజ్ దాదాపు 1.25 మి.మీ. సన్నది బంతిని బాగా పట్టుకుంటుంది, తొందరగా తెగుతుంది.

టెన్షన్ పరిమితి ఫ్రేమ్ మీదే అచ్చువేసి ఉంటుంది, ఉదాహరణకు 50–60 పౌండ్లు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే నైలాన్‌కు సరిగ్గా మధ్యలో పెట్టండి. పాలిస్టర్ అయితే అంతకంటే ఐదు పౌండ్లు తగ్గించండి. బంతి గీత దాటి పోతుంటే రెండు పౌండ్లు పెంచండి, బంతి నెట్ దాటడానికే కష్టపడుతుంటే రెండు తగ్గించండి. ఒకేసారి ఐదారు పౌండ్లు మార్చితే ఏం మారిందో మీకే తెలియదు. మోచెయ్యి నొప్పి ఉన్నవాళ్లు పాలిస్టర్ జోలికి పోకుండా మెత్తటి మల్టీఫిలమెంట్ (సన్నని పోగులెన్నో కలిపి చేసిన స్ట్రింగ్) వేసుకోవడం మేలు.

కిలోల్లో చూపే మెషీన్ అయితే పౌండ్లను 2.2తో భాగించండి. 55 పౌండ్లంటే 25 కిలోలు.

## 3. పాతది కోయడం

కోసేముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి: తల, గొంతు, రెండు పక్కలు. ముడులు ఏ రంధ్రాల దగ్గర ఉన్నాయో, ఏ రంధ్రాలను మెయిన్స్ వదిలేశాయో వాటిలో కనబడాలి. పాత పని సరిగ్గా చేసినదైతే మీకు ఇంతకంటే మంచి పటం దొరకదు.

కోత మధ్యలో మొదలవ్వాలి. నట్టనడుమ మెయిన్, క్రాస్ కలిసే చోట రెండింటినీ కోసి, అక్కడి నుంచి ఐమూలగా బయటికి వెళ్లండి. మెయిన్స్ అన్నీ కోసేసి క్రాసెస్ అలాగే వదిలేస్తే ఫ్రేమ్ ఒకే దిక్కుకు లాక్కుపోతుంది. ఆటలో స్ట్రింగ్ తెగినప్పుడు కూడా రాకెట్‌ను అలాగే సంచిలో పడేయకుండా మిగతాది కోసేయాలనేది ఇందుకే.

ఇప్పుడు గ్రామెట్లు చూడండి. రంధ్రాల్లో ఉండే ఆ ప్లాస్టిక్ గొట్టాలు స్ట్రింగ్‌ను ఫ్రేమ్ అంచు కోయకుండా కాపాడతాయి. చిట్లినవి, లోపలికి జారినవి, అంచు విరిగినవి ఉంటే మార్చాలి. ఒకటో రెండో అయితే ఆ చోట సన్నని ప్లాస్టిక్ ట్యూబు ముక్క పెట్టి గడిపేయొచ్చు. తల దగ్గర వేలితో తడిమి, ఫ్రేమ్‌లో వెంట్రుకవాసి పగులు ఉందేమో చూడండి. పగులున్న ఫ్రేమ్‌ను మెషీన్ మీద పెట్టకండి, లాగేటప్పుడు చేతుల్లోనే విరుగుతుంది.

## 4. రంధ్రాల లెక్క: ఇక్కడ తొందరపడొద్దు

ఈ ఐదు నిమిషాలే తర్వాతి గంటను నిర్ణయిస్తాయి.

రాకెట్ ప్యాటర్న్ 16×19 అంటే 16 మెయిన్స్, 19 క్రాసెస్. 18×20 అంటే 18, 20. నడిమధ్య నుంచి చెరో వైపు 8 మెయిన్స్ లేదా 9 మెయిన్స్ అన్నమాట.

గొంతు వంతెన మీద మెయిన్స్ కోసం ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టండి.

- 6 ఉంటే స్ట్రింగ్ గొంతు దగ్గర మొదలుపెట్టాలి
- 8 ఉంటే తల దగ్గర మొదలుపెట్టాలి

బట్టీ పట్టే కంటే కారణం తెలుసుకుంటే మరిచిపోరు. వంతెన చివరి రంధ్రానికీ, పక్క భుజం మీది తర్వాతి రంధ్రానికీ మధ్య ఖాళీ ఉంటుంది. స్ట్రింగ్ ఆ ఖాళీని దాటడం కుదరదు. అందుకని గొంతు దగ్గర స్ట్రింగ్ మలుపు తిరిగే ప్రతి జతా వంతెన మీదే పూర్తవ్వాలి. 8 రంధ్రాలంటే చెరో వైపు 4. తల దగ్గర మొదలుపెడితే 1–2, 3–4 జతలు చక్కగా సరిపోతాయి. 6 అంటే చెరో వైపు 3. అప్పుడు ఎడమ 1, కుడి 1 ఒక జత కావాలి, తర్వాత 2–3. అంటే మొదటి లూపు గొంతు దగ్గరే పడాలి.

దీన్నుంచి మరో సంగతి దానంతటదే తేలుతుంది. మెయిన్స్ ఎక్కడ ముగుస్తాయి?

- 16 మెయిన్స్, తల దగ్గర మొదలు: ఎనిమిదో మెయిన్ తల దగ్గర ముగుస్తుంది. అదే స్ట్రింగ్‌తో పైనుంచి కిందికి క్రాసెస్ వేసుకోవచ్చు
- 16 మెయిన్స్, గొంతు దగ్గర మొదలు: గొంతు దగ్గరే ముగుస్తుంది. క్రాసెస్‌కు వేరే ముక్క తీసుకోండి
- 18 మెయిన్స్ అయితే ఇది సరిగ్గా తిరగబడుతుంది

క్రాసెస్ తల నుంచి గొంతుకు రావడమే ఫ్రేమ్‌కు క్షేమం. తల భాగం సన్నగా, ఆసరా తక్కువగా ఉంటుంది. ఒత్తిడిని బలహీనమైన చోటు నుంచి బలమైన చోటుకు తోసుకుంటూ రావాలి. కింది నుంచి పైకి వేస్తే ఏమవుతుందిలే అని చేసేవాళ్లున్నారు, చాలా రాకెట్లు తట్టుకుంటాయి కూడా. నేను మాత్రం చేయను. రెండు ముక్కలుగా వేస్తే రెండు ముడులు ఎక్కువ పడతాయి, అంతే కదా.

ఇక వదిలేయాల్సిన రంధ్రాలు. తయారీదారులు ఇచ్చే పట్టికలో 7హెచ్, 9హెచ్, 7టి, 9టి అని ఉంటే, తల దగ్గర, గొంతు దగ్గర నడిమధ్య నుంచి ఏడో రంధ్రం, తొమ్మిదో రంధ్రం మెయిన్స్‌కు కావు, క్రాసెస్‌కు వదిలేయాలి అని అర్థం. ఈ అంకెలు రాకెట్‌ను బట్టి మారతాయి. ముడి వేసే రంధ్రాలు కాస్త పెద్దవిగా ఉంటాయి, ఎందుకంటే వాటిలో రెండు స్ట్రింగ్స్ దూరాలి.

వదలాల్సిన రంధ్రాల దగ్గర చిన్న స్టిక్కర్ ముక్క అంటించండి. అనుభవం ఉన్నవాళ్లు నవ్వినా పట్టించుకోకండి.

## 5. స్ట్రింగ్ కొలత

ఒక ప్యాకెట్‌లో సాధారణంగా 40 అడుగులు, అంటే 12.2 మీటర్లు వస్తుంది. చుట్ట విప్పేటప్పుడు ఒక కొస పట్టి లాగకండి, చుట్టిన దిక్కుకే తిప్పుతూ విప్పండి. మెలిక పడిన చోటు మళ్లీ తిన్నగా కాదు.

ఒకే ముక్కతో వేస్తే: పొట్టి వైపు, అంటే ఒక సగం మెయిన్స్‌కు మాత్రమే వాడే కొస, ఎంత వదలాలన్నదే ప్రశ్న. ఒక్కో మెయిన్ సుమారు 13 అంగుళాలు, రాకెట్ మొత్తం పొడవు 27 అంగుళాలు. అంటే రెండు మెయిన్స్‌కు ఒక రాకెట్ పొడవు. 8 మెయిన్స్‌కు నాలుగు రాకెట్ల పొడవు తీసి, టెన్షనర్ అందుకోవడానికి మరో మూరన్నర కలపండి. మొత్తం 11 అడుగులు. మిగిలిన 29 అడుగులూ పొడుగు వైపు.

రెండు ముక్కలైతే: సరిగ్గా సగానికి కోయండి. మెయిన్స్‌కు 20 అడుగులు సరిపోతాయి, క్రాసెస్‌కు కొంత మిగులుతుంది. తల పరిమాణం మరీ పెద్దదైతే మెయిన్స్‌కు అడుగు ఎక్కువ ఇవ్వండి.

కొసలు బాగా ఏటవాలుగా, పెన్సిల్ మొనలా కోయండి. మొద్దు కొసతో అల్లడమంటే చింపిరి దారాన్ని సూదిలోకి ఎక్కించడమే.

## 6. మెషీన్ సరిచూసి రాకెట్ బిగించడం

టెన్షనర్‌కూ డిజిటల్ త్రాసుకూ మధ్య పనికిరాని స్ట్రింగ్ ముక్క కట్టి 50 పౌండ్లకు లాగండి. త్రాసు 47 చూపిస్తే మెషీన్‌ను సరిచేయండి, లేదా మూడు కలిపి పెట్టడం అలవాటు చేసుకోండి. ప్రతి పది రాకెట్లకోసారి ఈ పరీక్ష చేస్తే చాలు.

డ్రాప్ వెయిట్ వాడేవాళ్లకు ఒక ఊరట. కడ్డీ నేలకు ఖచ్చితంగా సమాంతరంగా రాలేదని పదేపదే సరిచేస్తూ కూర్చోకండి. పది డిగ్రీలు అటూ ఇటూ అయినా తేడా ఒకటిన్నర శాతమే. 50 పౌండ్ల మీద అది ముప్పావు పౌండు. అంతకు మించి వాలితే మాత్రం మళ్లీ పట్టి లాగండి.

క్లాంపుల పళ్లను ఆల్కహాల్‌తో తోమండి. స్ట్రింగ్ మీది నూనె, మైనం వాటికి పట్టి జారేలా చేస్తాయి. క్లాంప్ బిగువు స్ట్రింగ్‌ను జారకుండా పట్టేంత ఉంటే చాలు. ఎక్కువైతే స్ట్రింగ్ నలిగి అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది.

ఇక రాకెట్ బిగింపు. మెయిన్స్ అన్నీ లాగాక, క్రాసెస్ వేయకముందు ఫ్రేమ్ మీద ఎంత భారం పడుతుందో లెక్కేయండి: 16 స్ట్రింగ్స్, ఒక్కోటి 50 పౌండ్లు. మొత్తం 800 పౌండ్లు, సుమారు 360 కిలోలు, తలను గొంతు వైపు నొక్కుతూ ఉంటుంది. ఫ్రేమ్ పొట్టిగా, వెడల్పుగా అవ్వాలని చూస్తుంది. ఫ్రేమ్‌ను పట్టి ఉంచే మెషీన్ ఆసరాలు సడలి ఉంటే అలాగే అవుతుంది.

- తల, గొంతు ఆసరాలు ముందు బిగించండి, తర్వాత పక్కవి
- పక్క ఆసరాలు ఫ్రేమ్‌ను తాకి ఆనుకోవాలి, నొక్కకూడదు
- ఏ ఆసరా కూడా రంధ్రానికి అడ్డం రాకూడదు
- చేత్తో ఊపితే రాకెట్ కదలకూడదు
- అత్యంత వెడల్పైన చోట కొలత తీసి రాసుకోండి

మెయిన్స్ వేసి క్రాసెస్ రేపు చూద్దామని మాత్రం ఎప్పుడూ వదలకండి.

## 7. మెయిన్స్

తల దగ్గర మొదలయ్యే రాకెట్ అనుకుందాం. రెండు కొసలనూ తల నడిమి రంధ్రాల గుండా దించి గొంతులోంచి బయటికి తీయండి. పొట్టి వైపు కుడిదనుకోండి.

1. కుడి 1వ మెయిన్‌ను తల దగ్గర క్లాంప్‌తో పట్టండి. అదే స్ట్రింగ్ గొంతు బయటికి వచ్చిన చోట, ఫ్రేమ్‌కు ఆనించి స్టార్టింగ్ క్లాంప్ వేయండి. లోపలి క్లాంప్ జారినా ఇది ఆపుతుంది.
2. ఎడమ 1వ మెయిన్ లాగి, గొంతు దగ్గర రెండో క్లాంప్ వేయండి.
3. స్టార్టింగ్ క్లాంప్ తీసి కుడి 1వ మెయిన్ లాగండి. తల దగ్గరి క్లాంప్‌ను గొంతు దగ్గరికి మార్చండి.
4. ఎడమ 2 లాగి క్లాంప్, కుడి 2 లాగి క్లాంప్. ఇలాగే ఒకటి తర్వాత ఒకటి.

ఒక వైపు రెండేసి లాగినా ఫర్వాలేదు. తేడా మూడుకు చేరనీయకండి.

ఫ్లయింగ్ క్లాంపులవాళ్లకు మొదటి జత ఒక్కటే తిరకాసు. పక్కన లాగిన స్ట్రింగ్ లేకుండా ఆ క్లాంప్‌కు ఆధారం ఉండదు కదా. మొదట స్టార్టింగ్ క్లాంప్ మీద భారం వేసి ఒక మెయిన్ లాగి, ఆ తర్వాత రెండు నడిమి మెయిన్స్‌నూ కలిపి క్లాంప్ చేయండి.

టెన్షనర్‌ను దించేటప్పుడు క్లాంప్ మీద కన్నేసి ఉంచండి. నెమ్మదిగా దించండి. క్లాంప్ కాస్త వెనక్కి జరిగి ఆగితే సరే. కిర్రుమని చిన్న చప్పుడు వచ్చి స్ట్రింగ్ పాకితే జారినట్టే. ముందుకు పోకుండా మళ్లీ లాగి క్లాంప్ వేయాలి. ఆ ఒక్క స్ట్రింగేలే అనుకుంటే, పక్క మెయిన్ కూడా దాంతోపాటే సడలుతుంది.

ఆఖరి మెయిన్‌ను కొందరు రెండు మూడు పౌండ్లు ఎక్కువ లాగుతారు. ముడి వేశాక కొంత జారుతుంది కాబట్టి అది సమర్థనీయమే. చేసినా చేయకపోయినా, ప్రతిసారీ అదే పద్ధతి పాటించండి.

## 8. ముడి

డబుల్ హాఫ్ హిచ్ ఒక్కటి బాగా వస్తే చాలు. పార్నెల్ ముడి ఇంకొంచెం చిన్నగా, ముచ్చటగా కూర్చుంటుంది. అది తర్వాత నేర్చుకోవచ్చు.

1. కొసను ముడి రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, అక్కడ బిగువుగా ఉన్న స్ట్రింగ్ కిందుగా దూర్చండి.
2. చుట్టూ తిప్పి పైకి తెచ్చి, ఏర్పడిన లూపులోంచి బయటికి తీయండి.
3. కొసను నోస్ ప్లయర్‌తో పట్టి ఫ్రేమ్ వైపుగా గట్టిగా లాగండి. ముడి గ్రామెట్‌కు ఆనాలి.
4. అదే మళ్లీ ఒకసారి.
5. క్లాంప్ తీశాక ముడి జరగలేదని చూసి, 5 మి.మీ. కొస వదిలి కోయండి.

చేత్తోనే లాగాలి. టెన్షనర్‌తో ముడి బిగిస్తే అది గ్రామెట్‌లోకి దూరిపోవచ్చు, ఆధారంగా ఉన్న స్ట్రింగ్ తెగనూ వచ్చు. కొసను ఇంకా పొట్టిగా కోస్తే ముడి ఆటలో విడిపోవచ్చు.

## 9. క్రాసెస్

రెండు ముక్కలుగా వేసేవాళ్లు మొదటి క్రాస్‌కు స్టార్టింగ్ ముడి వేయక్కర్లేదు. కొసను ఫ్రేమ్ బయట స్టార్టింగ్ క్లాంప్‌తో పట్టండి. నాలుగు క్రాసెస్ అయ్యాక వెనక్కి వచ్చి ఆ కొసను లాగి, లోపల క్లాంప్ వేసి, మామూలు ముడి వేయండి. లావుపాటి మొదలు ముడి బెడద ఉండదు.

అల్లిక సంగతి సులువే: ఒకదాని పైన, ఒకదాని కింద. తర్వాతి వరసలో తిరగేసి. చేతులు ఎలా పెట్టాలన్నదే నేర్చుకోవాలి. ఒక చెయ్యి స్ట్రింగ్ పైన, రెండోది కింద ఉండాలి. పై చేతి వేలు కొసను కిందికి నొక్కుతుంది, కింది చేతి వేలు దాన్ని అందుకుని పైకి తోస్తుంది. కొసను లాగకుండా వెనక నుంచి తోస్తూ పోవాలి. మొదటి రాకెట్‌కు ఒక్కో వరసకు రెండు నిమిషాలు పడుతుంది, వేళ్ల కొసలు మండుతాయి. ఐదో రాకెట్‌కు వేళ్లే దారి చూసుకుంటాయి.

ఒక వరస ముందు అల్లండి. మూడో క్రాస్ అల్లారు, ఇంకా లాగలేదు. అప్పుడే నాలుగోది అల్లేయండి, తర్వాత మూడోది లాగండి. లాగిన క్రాస్ పక్కన మెయిన్స్ పైకీ కిందికీ బిగుసుకుపోయి కొసకు సందివ్వవు. లాగని క్రాస్ పక్కన అవి వదులుగా ఉంటాయి. పాలిస్టర్‌తో అయితే ఈ పద్ధతి లేకుండా నాకు ఓపిక ఉండదు. లాగాల్సిన లూపును టెన్షనర్ పట్టుకునేంత పొడుగ్గా బయట వదలడం మరిచిపోకండి.

స్ట్రింగ్ ఈడ్చేటప్పుడు ఊపుతూ ఈడ్వండి. పది అడుగుల స్ట్రింగ్ మెయిన్స్ మీద ఒకేచోట రాసుకుంటూ పోతే ఆ రాపిడికి వేడి పుట్టి గాడి పడుతుంది. ఈడ్చే చేతిని విసనకర్ర ఊపినట్టు పైకీ కిందికీ కదపండి. మెత్తటి మల్టీఫిలమెంట్ మెయిన్స్ మీద ఇది మరీ ముఖ్యం.

తిన్నగా చేయండి. టెన్షన్ ఉండగానే, క్లాంప్ వేయకముందు, క్రాస్‌ను వేళ్లతో నెట్టి తిన్నగా చేయండి. వంపు పోయినప్పుడు కాస్త వదులవుతుంది. ఎలక్ట్రానిక్, డ్రాప్ వెయిట్ మెషీన్లు ఆ వదులును వెంటనే లాగేసుకుంటాయి.

ప్రతి వరస లాగాక కళ్లతో ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. రెండు సెకన్ల పని. నా మొదటి రాకెట్‌కు మూడు గంటలు పట్టింది. దించి గర్వంగా పట్టుకుని చూస్తే, నాలుగో క్రాస్‌లో ఒకచోట వరసగా రెండు మెయిన్స్ మీదుగా పోయింది. పందొమ్మిది వరసలూ కోసి మళ్లీ వేశాను. ఆ రాత్రి నుంచి వరస వరసకూ చూడకుండా క్లాంప్ ముట్టుకోలేదు.

మూసుకుపోయిన రంధ్రాలు. కొన్ని రంధ్రాల మీదుగా మెయిన్ స్ట్రింగ్ బిగుసుకుని పోతుంది, క్రాస్‌కు దారి ఉండదు. ఆరె మొనతో స్ట్రింగ్‌ను పక్కకు ఒత్తి దారి చేయండి, పొడవకండి. ముందే తెలిస్తే ఇంకా మంచిది: మెయిన్స్ లాగేటప్పుడే ఆ రంధ్రంలో పనికిరాని స్ట్రింగ్ ముక్క పెట్టి ఉంచి, క్రాస్ వచ్చినప్పుడు తీసేయండి.

ఫ్రేమ్ బయట స్ట్రింగ్ మరో స్ట్రింగ్ మీదుగా దాటకుండా చూసుకోవాలి. దాటితే పైది రాపిడికి తెగుతుంది, లేదా కింది దాన్ని నలుపుతుంది.

ఆఖరి మూడు నాలుగు వరసల్లో గొంతు దగ్గర చెయ్యి పట్టదు. కొసను మళ్లీ ఏటవాలుగా కోసి, నోస్ ప్లయర్‌తో అందుకుంటూ ఓపిగ్గా పోవాలి.

## 10. దించాక

పక్క ఆసరాలు ముందు వదులు చేయండి, తల, గొంతువి తర్వాత.

- వెడల్పు మొదట కొలిచినంతే ఉందా
- అల్లికలో తప్పు లేదా
- ముడులు గ్రామెట్‌కు ఆని ఉన్నాయా
- అరచేత్తో కొడితే స్ట్రింగ్స్ అన్ని చోట్లా ఒకేలా మోగుతున్నాయా
- వరసలు తిన్నగా ఉన్నాయా (లేకపోతే వేళ్లతో సర్దండి)

తర్వాత ఒక నోటు పుస్తకంలో రాయండి: తేదీ, రాకెట్, స్ట్రింగ్, గేజ్, మెయిన్స్ టెన్షన్, క్రాసెస్ టెన్షన్, మొదలు ఎక్కడ, వదిలిన రంధ్రాలు, పొట్టి వైపు కొలత, చివర ఎంత మిగిలింది. అదే రాకెట్ మళ్లీ వచ్చినప్పుడు సెక్షన్ 4, 5లు చదవనక్కర్లేదు. స్ట్రింగ్ మొదటి రోజు కొంత సడలుతుంది, అది మీ తప్పు కాదు.

## 11. చెడిపోతే ఏం చేయాలి

పొట్టి వైపు టెన్షనర్‌ను అందుకోవడం లేదు. కొస ఫ్రేమ్ బయటికి నాలుగు అంగుళాలు వస్తున్నా చాలు. దాన్ని స్టార్టింగ్ క్లాంప్‌తో పట్టి, క్లాంప్ వెనక ఉండే కొక్కేనికి పనికిరాని స్ట్రింగ్ కట్టి, ఆ స్ట్రింగ్‌ను టెన్షనర్‌లో పెట్టి లాగండి. ఫ్రేమ్ దాటి రాకపోతే ఉపాయం లేదు.

అల్లిక తప్పు రెండు మూడు వరసల తర్వాత కనబడింది. ఒక్కో వరసా టెన్షనర్‌తో కొద్దిగా లాగి, క్లాంప్ వదిలి, వెనక్కి తీయండి. టెన్షన్ ఉన్నప్పుడు క్లాంప్‌ను ఊరికే తెరిస్తే స్ట్రింగ్ కొరడాలా కొడుతుంది.

మెయిన్ తప్పు రంధ్రంలోకి వెళ్లింది. క్రాసెస్ మొదలవకపోతే వెనక్కి తీయండి. మొదలయ్యాక తెలిస్తే కోసేసి మళ్లీ వేయడమే. సర్దుకుపోదామంటే ఫ్రేమ్ బయట స్ట్రింగ్స్ ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి.

టెన్షనర్ నోటి దగ్గర స్ట్రింగ్ తెగుతోంది. గ్రిప్పర్ అతిగా బిగించారు, లేదా దాని అంచు గరుకెక్కింది. బిగువు తగ్గించి, శుభ్రం చేసి చూడండి. పాలిస్టర్‌ను మరీ వేగంగా లాగినా ఇలాగే అవుతుంది.

స్ట్రింగ్ మీద తెల్లటి మచ్చలు. క్లాంప్ బిగువు ఎక్కువైంది, లేదా క్లాంప్ స్ట్రింగ్‌కు అడ్డంగా వాలి పట్టింది. పళ్లు స్ట్రింగ్‌తో ఒకే గీతలో ఉండాలి.

దించాక తల వెడల్పుగా, గుండ్రంగా కనిపిస్తోంది. ఆసరాలు సడలాయి, లేదా క్రాసెస్‌లో టెన్షన్ పోయింది. ఫ్లయింగ్ క్లాంపులతో ఇది ఎక్కువగా చూస్తాను. వెంటనే కోసేసి, క్రాసెస్ ఒకటి రెండు పౌండ్లు పెంచి వేయండి.

రెండు వారాలకే ఫ్రేమ్ అంచు దగ్గర తెగింది. ముందు స్ట్రింగ్‌ను తిట్టకుండా, తెగిన కొస ఏ రంధ్రంలోంచి వచ్చిందో చూడండి. ఆ గ్రామెట్ చిట్లి ఉంటుంది, లేదా ఆరె గీరిన గుర్తు ఉంటుంది. గ్రామెట్ మార్చకుండా కొత్త స్ట్రింగ్ వేస్తే మళ్లీ అక్కడే తెగుతుంది.